ఆలీ గుట్టలు: నాలుగు వేల ఏళ్ల ఖబ్రస్తాన్ చెప్పిన గవాహీ

బహ్రెయిన్‌లో పనిచేసి వచ్చినవాళ్లు మన బస్తీల్లో తక్కువేం కాదు. దమ్మామ్, అల్ ఖోబర్‌లలో ఉన్నవాళ్లు కూడా సెలవు దొరికితే సముద్రం మీద కట్టిన కింగ్ ఫహద్ వంతెన దాటి అక్కడికి వెళ్లొస్తుంటారు. వంతెన దిగి మనామా వైపు పోయే దారికి దగ్గర్లో, హమద్ టౌన్ ఇళ్ల అంచున, ఆలీ అనే ఊళ్లో కుండల బట్టీల పక్కన, గుండ్రటి మట్టిదిబ్బలు వరసలు వరసలుగా కనిపిస్తాయి. రోడ్డు పనికి తెచ్చి పోసిన మట్టేమో అనుకుని చాలామంది ముందుకు సాగిపోతారు.

అవి ఖబర్లు. హజ్రత్ ఈసా అలైహిస్సలాం పుట్టుకకు రెండు వేల ఏళ్ల ముందు కట్టినవి. 2019 జులైలో యునెస్కో వీటిని ‘దిల్మున్ సమాధి గుట్టలు’ అనే పేరుతో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. 21 చోట్ల కలిపి 11,774 గుట్టలు ఆ లెక్కలోకి వచ్చాయి. పాత రోజుల్లో విమానాల నుంచి తీసిన ఫొటోలు పెట్టుకుని లెక్కగట్టిన పరిశోధకులు ఒకప్పుడు మొత్తం 75 వేల దాకా ఉండేవని చెప్పారు. ఆ దీవి చూస్తేనేమో పొడవు 50 కిలోమీటర్లు, వెడల్పు 15 దాకా. అంత చిన్న నేల మీద అన్ని ఖబర్లు దునియాలో ఇంకెక్కడా అరుదు.

చూసిన ప్రతివాడికీ ఒకటే సవాల్ ఎదురైంది. వీళ్లంతా ఎవరు? ఎక్కడివాళ్లు? సుమారు వందేళ్లపాటు పెద్ద పెద్ద ఆలిములు, అంటే పురాతత్వ శాస్త్రం చదివిన దొరలు, ఇచ్చిన జవాబు ఏమిటంటే: వీళ్లు ఇక్కడివాళ్లు కారు. బయటినుంచి శవాలు తెచ్చి ఇక్కడ పూడ్చారు, అంతే. ఆ జవాబు ఎలా పుట్టిందో, ఎలా కూలిపోయిందో చెప్పడానికే ఈ వ్యాసం. ‘మీరు ఎక్కడివాళ్లు’ అనే ప్రశ్న అప్పుడప్పుడూ వినాల్సి వచ్చే మనలాంటి వాళ్లకు ఈ కిస్సా తెలియడం మంచిది.

గుట్ట లోపల ఏముంది

ముందుగా ఊరి పేరు సంగతి. అది అలీ కాదు, ఆలీ. అరబీలో ఎత్తైనది అని అర్థం. అక్కడి గుట్టల్లో కొన్ని మూడంతస్తుల మేడంత ఉంటాయి కాబట్టి పేరు సరిగ్గానే అతికింది.

మామూలు గుట్టలు మాత్రం చిన్నవి. మనిషెత్తుకు అటూ ఇటూ. ఇప్పుడు గుండ్రటి దిబ్బల్లా కనిపిస్తున్నా, కట్టినప్పుడు వాటి రూపు వేరు. మధ్యలో రాళ్లు పేర్చి ఒక గది కట్టేవాళ్లు. దాని చుట్టూ కొంత దూరంలో గుండ్రంగా ఒక గోడ లేపేవాళ్లు. గోడకీ గదికీ మధ్య మట్టి, రాళ్ల ముక్కలు నింపేవాళ్లు. మయ్యత్‌ను గదిలో పెట్టాక పైన పెద్ద బండలు పరిచి మూసేవాళ్లు. అంటే అసలు రూపు పొట్టి బురుజు లాంటిది. వేల ఏళ్ల గాలికీ, అప్పుడప్పుడు పడే వానకీ గోడలు జారిపోయి, లోపలి మట్టి కిందికి దిగి, బురుజు కాస్తా దిబ్బ అయింది. ఇలాంటి కట్టడాలు సుమారు క్రీ.పూ. 2200 నుంచి 1750 దాకా, నాలుగున్నర వందల ఏళ్లు, తరం తర్వాత తరం కడుతూ పోయారు.

గది ఒక కొసన గోడలో చిన్న గూడు ఉంటుంది. కొన్నిటికి రెండు గూళ్లు. ఆ గూట్లో మట్టికుండ, తారు పూసిన బుట్ట, రాగి కత్తి, పూసలు లాంటివి పెట్టేవాళ్లు. గొర్రె, మేక ఎముకలు కూడా దొరికాయి. మనిషిని కాళ్లు ముడిచి, చాలా వరకు కుడి పక్కకు తిప్పి, చేతులు ముఖం ముందుకు వచ్చేలా పడుకోబెట్టారు. నిద్రలో ఉన్న మనిషి ఎలా పడుకుంటాడో అలా. మనం కూడా మయ్యత్‌ను కుడి పక్కకు తిప్పుతాం కాబట్టి ఇది చదవగానే దిల్ ఒక్కక్షణం ఆగుతుంది. అయితే దీన్ని పట్టుకుని మజహబ్ లెక్కలు తీయకూడదు. మన వాళ్లు కిబ్లా వైపు ముఖం ఉండాలని తిప్పుతారు. వాళ్ల కారణం వాళ్లది. పోయినవాణ్ణి పారేయకుండా పడుకోబెట్టాలన్న అదబ్ మాత్రం ఇద్దరిలోనూ ఉంది.

చాలా గుట్టల అంచున, గుండ్రటి గోడకు ఆనించి, ఇంకో చిన్న గది ఉంటుంది. అందులో ఎక్కువగా పిల్లల ఎముకలు దొరికాయి. పెద్ద ఖబర్ పక్కన బిడ్డ ఖబర్. మన ఖబ్రస్తాన్‌లలో తాత పక్కన, నాన్న పక్కన చిన్న ఖబర్ కట్టినట్టే. ఈ పిల్లల సంగతి గుర్తుపెట్టుకోండి. తర్వాత పెద్ద గవాహీ వాళ్లదే.

మద్రసాలో దొరికిన నల్లరాయి

1879 ప్రాంతంలో కెప్టెన్ డ్యూరాండ్ అనే అంగ్రేజు అధికారి బహ్రెయిన్ వచ్చాడు. ఆలీలో ఒక పెద్ద గుట్టను తవ్వించాడు. ఆయన పేరు నిలిచింది మాత్రం గుట్ట వల్ల కాదు. అక్కడ మద్రసా ఎ దావూద్ అనే మస్జిద్‌లో ఒక నల్లరాయి కనబడింది. దాని మీద మేకుల్లాంటి గీతలతో రాత ఉంది. ఇరాక్ నేల మీద బాబిల్, ఉర్ లాంటి పాత పట్టణాల వాళ్లు మట్టిపలకల మీద రాసిన లిపి అది. డ్యూరాండ్ ఆ రాయిని అక్కడి పెద్దల దగ్గర తీసుకుని ఇంగ్లండ్ పట్టుకుపోయాడు.

ఆ రాతను హెన్రీ రాలిన్సన్ 1880లో చదివాడు. రీమూం అనే పెద్దమనిషి కట్టించిన భవనం గురించి అందులో ఉంది. అతను ఇన్‌జాక్ అనే దేవుడి సేవకుడినని, అగారుం తెగవాడినని చెప్పుకున్నాడు. ఇన్‌జాక్ అంటే దిల్మున్ అనే దేశపు దేవుడు. ఇరాక్ మట్టిపలకల్లో ఈ దిల్మున్ పేరు పదే పదే వస్తుంది. అక్కడినుంచి ఓడలొచ్చాయని, రాగి వచ్చిందని, ఖర్జూరం వచ్చిందని. సుమేరు వాళ్ల పాత గాథల్లో దిల్మున్ పాక్ జమీన్. అక్కడ రోగం లేదు, ముసలితనం లేదు. వాళ్లు చెప్పుకున్న మహా జలప్రళయం నుంచి బతికి బయటపడ్డ మనిషిని దేవతలు తీసుకెళ్లి పెట్టింది కూడా దిల్మున్‌లోనే. తూఫానె నూహ్ తెలిసినవాళ్లకు ఆ కథ ఎక్కడో విన్నట్టే ఉంటుంది. ఆ దిల్మున్ ఈ బహ్రెయినే అని రాలిన్సన్ వాదించాడు.

ఒక మస్జిద్‌లో తరాల తరబడి ఉండి, నమాజుకు వచ్చే వాళ్ల కళ్ల ముందే పడివున్న రాయి మొత్తం దీవికి పాత పేరు తిరిగి ఇచ్చింది. ఆ రాయి తర్వాత లండన్‌లో మాయమైంది. దాని నకలు మిగిలింది కాబట్టి సరిపోయింది.

‘బయటివాళ్ల శవాలు’

1889లో థియోడర్ బెంట్, ఆయన భార్య మేబెల్ వచ్చి ఆలీలో తవ్వారు. ఏనుగు దంతం ముక్కలు దొరికాయి. ఇదంతా ఫినీషియన్ల పని అనుకున్నారు. ఫినీషియన్లంటే లెబనాన్ తీరంలో ఓడలు నడిపిన పాత జాతి. 1906 నుంచి 1908 వరకు ప్రిడో అనే అంగ్రేజు అధికారి తవ్వించాడు. ఆయన రిపోర్టు భారత పురావస్తు శాఖ సాలానా నివేదికలో అచ్చయింది. అప్పట్లో ఖలీజ్ వ్యవహారాలన్నీ హిందూస్తాన్ సర్కారు కిందే నడిచేవి. అలా బహ్రెయిన్ ఖబర్ల లెక్క మన దేశపు దఫ్తర్లో చేరింది.

1925లో ఎర్నెస్ట్ మెకే వచ్చాడు. ముప్పైకి పైగా గుట్టలు తెరిచి చూశాడు. జాగ్రత్తగా కొలతలు తీసి, నక్షాలు గీసి పుస్తకం వేశాడు. పని మంచిదే. కానీ ఆయనకు ఎక్కడా ఊరు కనబడలేదు. ఇల్లు లేదు, వీధి లేదు, బావి లేదు. ఎటు చూసినా ఖబర్లే. కాబట్టి ఆయన తేల్చింది ఇదీ: ఈ దీవి మీద మనుషులు పెద్దగా బతకలేదు. అరబ్ నేల మీద ఉండేవాళ్లు తమ మృతుల్ని పడవల్లో తెచ్చి ఇక్కడ దఫన్ చేశారు.

ఈ మాటకు పాత గాథలు కూడా తోడయ్యాయి. దిల్మున్ పాక్ జమీన్ కదా, మరణం లేని నేల కదా, అందుకే అందరూ అక్కడే పూడ్చమని కోరుకుని ఉంటారు అన్నారు. ఎంత అందమైన కథ! దాంతో దీవి మొత్తం ఒక పెద్ద ఖబ్రస్తాన్ అయిపోయింది. అక్కడ పుట్టి, ఖర్జూరం తిని, చేపలు పట్టి, పిల్లల్ని కని, అక్కడే పోయిన మనుషుల జిక్ర్ మాత్రం ఎక్కడా లేదు.

తమాషా ఏమిటంటే, మెకే బహ్రెయిన్ పని ముగించుకుని తర్వాత వెళ్లింది మొహెంజోదారో. ఆ సింధు పట్టణాల సరుకు దిల్మున్ రేవుల గుండానే ఇరాక్ చేరేదని తర్వాత తేలింది. ఒక కొసన నిలబడి ‘ఇక్కడ జనం లేరు’ అన్న మనిషి, వాళ్లతో తిజారత్ చేసిన వాళ్ల ఊళ్లో ఏళ్ల తరబడి తవ్వకాలు చేశాడు.

ఊరు దొరికింది

జెఫ్రీ బిబ్బీ అనే ఇంగ్లీషు మనిషి మొదట ఇరాక్ చమురు కంపెనీ నౌకరీ మీద బహ్రెయిన్‌లో ఉన్నాడు. ఆ గుట్టలు ఆయన్ని వదల్లేదు. తర్వాత డెన్మార్క్‌లో స్థిరపడి, అక్కడి ఆర్హుస్ మ్యూజియం పెద్ద పి.వి. గ్లోబ్‌తో కలిసి 1953లో తిరిగొచ్చాడు. ఆయన వేసుకున్న ప్రశ్న చాలా సాదా. ఇంతమంది పోయారంటే ముందు బతికుండాలి కదా. బతికుంటే ఎక్కడ బతికారు?

కొన్ని గుట్టలు తెరిచారు కానీ వాళ్ల అసలు వెతుకులాట ఊరి కోసం. దీవి ఉత్తర తీరంలో పోర్చుగీసు ఖిల్లా ఒకటి ఉంది. ఆ ఖిల్లా నిలబడ్డ నేలే ఒక పెద్ద దిబ్బ. దాన్ని తవ్వుకుంటూ పోతే ఇస్లామీ జమానా పొర, దాని కింద ఇంకా పాత పొరలు, అన్నిటికంటే కింద దిల్మున్ పట్టణం గోడలు, వీధులు బయటపడ్డాయి. 1954లో బార్బార్ అనే పల్లె దగ్గర తీపినీటి ఊట పక్కన కట్టిన గుడి దొరికింది. ఖిల్లా కింది ఆ పట్టణం, కలఅత్ అల్ బహ్రెయిన్, 2005లోనే యునెస్కో జాబితాకెక్కింది.

తర్వాత 1989 నుంచి పదేళ్లపాటు సార్ అనే చోట బ్రిటన్, బహ్రెయిన్ వాళ్లు కలిసి తవ్వారు. అక్కడ మొత్తం ఊరే వచ్చింది. మధ్యలో గుడి, దానినుంచి సాగే వీధులు, వీధి పొడుగునా ఒకే నమూనాలో కట్టిన ఇళ్లు, ఇళ్లల్లో పొయ్యిలు, నీళ్ల తొట్లు, సరుకు మూటల మీద వేసే ముద్రలు. ఊరికి కాస్త ఎడంగా ఖబర్లు. వాటిలో కొన్ని ఒకదానికొకటి అతుక్కుని తేనెపట్టులా ఉన్నాయి.

ఎముకలు కూడా మాట్లాడాయి. గుట్టల్లో మర్దులు, ఔరతులు, పిల్లలు అందరూ ఉన్నారు. పడవ మీద దూరం నుంచి తెచ్చేవాళ్లయితే సర్దార్లని, డబ్బున్నవాళ్లని తెస్తారు గానీ పొత్తిళ్లలో పోయిన బిడ్డల్ని అంతమందిని ఎవరు తెస్తారు? పళ్లు చూస్తే చాలామందికి పుచ్చిపోయాయి, ఊడిపోయాయి. తీపి ఖర్జూరం రోజూ తిన్నవాళ్ల పళ్లు అలా అవుతాయని దంతాలు పరీక్షించినవాళ్లు చెప్పారు. ఖర్జూరం తోటలకు ఆ దీవి ఇప్పటికీ మషూర్.

లెక్క మీరే వేసి చూడండి. 75 వేల గుట్టలు, 450 ఏళ్లు. ఏడాదికి సుమారు 166 జనాజాలు. దవాఖానాలు లేని ఆ కాలంలో వెయ్యి మందికి ఏడాదికి 30 మంది పోయేవారు అనుకున్నా, దీవి మీద 5, 6 వేల మంది బతికి ఉంటే ఆ లెక్క సరిపోతుంది. అంటే మన ఓ పెద్ద గ్రామమంత జనం. మొత్తం ఖబర్లను ఒక్కసారిగా చూసి దొరలు హైరాన్ అయ్యారు. నాలుగున్నర వందల ఏళ్లకు పంచి చూస్తే అందులో హైరాన్ కావడానికేం లేదు. వాళ్లు ఎక్కడినుంచో తెచ్చిన శవాలు కారు. ఆ ఊళ్లవాళ్లే.

సముద్రానికి అవతల హిందూస్తాన్

ఇంత చిన్న జనానికి అంత మంచి ఖబర్లు కట్టే స్తోమత ఎక్కడిది? తిజారత్ నుంచి. ఒమాన్ కొండల్లో రాగి దొరికేది. ఇరాక్ వాళ్లకు రాగి కావాలి. మధ్యలో తీపినీళ్లున్న రేవు దిల్మున్. ఉర్ పట్టణంలో ఈ రాగి వ్యాపారం చేసిన ఏఆ నాసిర్ అనే సౌదాగర్‌కు ఒక గ్రాహక్ రాసిన షికాయతు ఇప్పటికీ ఉంది. నాసిరకం రాగి అంటగట్టావు, నా మనిషిని అవమానించి పంపావు అని దాని సారాంశం. బజారు గొడవలు అప్పుడూ ఇప్పుడూ అవే.

మన వైపు నుంచి కూడా సరుకు వెళ్లేది. సింధు నాగరికత ప్రాంతాన్ని ఇరాక్ వాళ్లు మెలూహా అనేవాళ్లని ఎక్కువమంది పరిశోధకుల మాట. అక్కడి ఎర్రటి అకీక్ పూసలు, ఏనుగు దంతం దిల్మున్‌లో దొరికాయి. సింధు లిపి గుర్తులున్న గుండ్రటి ముద్రలు దొరికాయి. సింధు కొలతకు సరిపోయే తూకపు రాళ్లు కూడా దొరికాయి. తూకపు రాయి ఒకటైతే భరోసా కూడా ఉన్నట్టే లెక్క. ఇటు గుజరాత్‌లోని లోథల్‌లో ఖలీజ్ రకం ముద్ర ఒకటి ఎస్.ఆర్. రావుకు దొరికింది. 1984-85లో మన పురావస్తు శాఖకు చెందిన కె.ఎం. శ్రీవాస్తవ బృందం బహ్రెయిన్ వెళ్లి హమద్ టౌన్‌లో గుట్టలు తవ్వింది. అదే సంవత్సరాల్లో మన కరీంనగర్, నిజామాబాద్, కడప కుర్రాళ్లు అప్పు చేసి వీసాలు కొనుక్కుని ఖలీజ్ విమానాలెక్కుతున్నారు. ఆ సముద్రం మీద రాకపోకలు మనం మొదలుపెట్టినవి కావు.

రాజు కొడుకు పేరు

ఆలీ ఊళ్లోని పెద్ద గుట్టలు రాజులవి అని చాలాకాలంగా అనుమానం. యునెస్కో లెక్కలో అలాంటివి 17. లోపల ఒకదాని మీద ఒకటిగా రెండు గదులు, వాటికి పొడవాటి దారి. ఎవరి పేరూ లేదు. అసలు సామాను పాతకాలంలోనే దొంగల పాలైంది.

గత పదిహేనేళ్లలో స్టెఫెన్ లార్సెన్ అనే డేనిష్ పరిశోధకుడి బృందం బహ్రెయిన్ వాళ్లతో కలిసి 8వ నంబరు రాజ గుట్టను తవ్వింది. దొంగలు పనికిరావని వదిలేసిన పగిలిన రాతిపాత్రల ముక్కలు దొరికాయి. వాటి మీద మేకుల రాత. చదివితే ఒక పేరు వచ్చింది: యగ్లీ ఎల్, రీమూం కొడుకు.

రీమూం! మద్రసా ఎ దావూద్ నల్లరాయి మీది పేరు. 1880లో చదివిన పేరుకు 130 ఏళ్ల తర్వాత కొడుకు దొరికాడు, ఖబర్ దొరికింది. క్రీ.పూ. 18వ శతాబ్దం నాటి ఒక తండ్రీ కొడుకుల రిష్తా మస్జిద్‌లోని రాయితో, గుట్టలోని పెంకుతో కలిసింది.

పేరు చివరి ‘ఎల్’ చూడండి. పాత సెమిటిక్ భాషల్లో దైవం అని అర్థం. మన జిబ్రాయీల్, మీకాయీల్, ఇస్మాయీల్ పేర్ల చివర ఉన్నది అదే ముక్క. అరబీ ‘ఇలాహ్’ కూడా ఆ ఖాందానే. యగ్లీ ఎల్ ఏ దేవుణ్ణి కొలిచాడన్నది వేరే సంగతి, అతను ఇన్‌జాక్ సేవకుడు. కానీ అతని తల్లి అతన్ని పిలిచిన పేరులో ఒక ముక్క ఇవాళ మన ఇస్మాయీల్‌ను పిలిచే తల్లి నోట్లో ఉంది.

రోడ్డు, ఇళ్లు, బట్టీలు

75 వేలు 11 వేల చిల్లరకు ఎలా వచ్చాయి? ఒక్క జవాబు చాలదు. ఆలీ కుమ్మర్లు తరాల తరబడి పెద్ద గుట్టల పక్కల్ని తొలిచి బట్టీలు పెట్టుకున్నారు. కట్టడాలకు గుట్టల రాయి, మట్టి తవ్వుకుపోయారు. 1970ల చివర్లో వంతెనకు వెళ్లే రోడ్డు కోసం సార్ గుట్టల గుండా దారి తీయాల్సి వచ్చినప్పుడు, ముందుగా అరబ్ దేశాల పరిశోధకుల బృందం వచ్చి తవ్వి రాసుకుంది. 1980లలో హమద్ టౌన్ కట్టినప్పుడు వేల గుట్టలు పోయాయి. వాటిలోనూ చాలావాటిని తవ్వి, సామాను మ్యూజియానికి చేర్చాకే నేల చదును చేశారు.

ఇందులో ఎవర్నీ దుష్మన్‌ను చేయలేం. కుమ్మరికి రోజీ కావాలి. ఇల్లు లేని కుటుంబానికి ఇల్లు కావాలి. జిందా మనుషుల హఖ్ ముందుంటుంది. అయితే తవ్వే ముందు రాసుకున్న గుట్టకీ, రాత్రికి రాత్రి చదునైన గుట్టకీ చాలా తేడా ఉంది. రాసుకున్న గుట్ట పోయినా దాని గవాహీ మిగులుతుంది. పిల్లల ఎముకలు, పుచ్చిన పళ్లు, పగిలిన పెంకు మీది పేరు, ఇవన్నీ అలా మిగిలినవే. అవి మిగలకపోతే మెకే మాటే ఇవాళ్టికీ ఆఖరి మాట అయ్యేది.

మనకేం పని

‘వాళ్లు జాహిలియత్ కంటే ముందువాళ్లు, బుత్‌లను కొలిచినవాళ్లు, వాళ్ల ఖబర్లతో మనకేం పని’ అని అడిగేవాళ్లుంటారు. వాళ్లకు ఒక వాకియా గుర్తుచేయాలి. ఒకసారి ఒక యూదుడి జనాజా పోతుంటే రసూలుల్లాహ్ సల్లల్లాహు అలైహి వసల్లం లేచి నిలబడ్డారు. అది యూదుడిది కదా అని పక్కవాళ్లంటే, అది కూడా ఒక ప్రాణం కాదా అన్న భావంతో జవాబిచ్చారు. బుఖారీలో ఉన్న సంగతి. మృతుడి ఎముక విరవడం బతికున్నవాడి ఎముక విరిచినట్టే అన్న అర్థంలోనూ హదీసు ఉంది. భూమ్మీద తిరిగి, ముందటి కౌముల అంజామ్ చూడమని ఖురాన్ చెబుతుంది. చూడాలంటే ముందు ఆ నిషానీ మిగిలి ఉండాలి.

మన నేల మీద కూడా ఈ పని చేసిన బుజుర్గులున్నారు. తెలంగాణ ఊళ్ల బయట రాళ్లు గుండ్రంగా పేర్చిన పాత సమాధుల్ని జనం రాకాసి గుళ్లు అంటారు. అవి ఇనుప యుగం మనుషుల ఖబర్లు. నిజాం సర్కారు 1914లో పురావస్తు శాఖ పెట్టినప్పుడు దాని మొదటి నాజిమ్ గులాం యజ్దానీ సాహెబ్. ఆయన ఆ సమాధుల్లో దొరికిన కుండల మీది గీతల గుర్తుల్ని వరసపెట్టి రాసుకుని 1917లో వ్యాసం ప్రచురించారు. కలిమా చదివిన మనిషి, కలిమా వినని మనుషుల కుండల మీది గీతల్ని అమానత్‌లా భద్రం చేశాడు. ఇప్పుడు ఆ రాళ్ల వలయాల్లో ఎన్నో క్వారీలకు, ప్లాట్ల వెంచర్లకు పోతున్నాయి. మీ ఊరి బయట అలాంటిది ఉంటే కనీసం ఫొటో తీసి పెట్టండి.

ఇక మన సొంత ఖబ్రస్తాన్‌ల సంగతి. ఉర్దూలో తారీఖ్ అంటే తేదీ, చరిత్ర రెండూ. ఖబర్ మీద చెక్కిన తారీఖే చాలా కుటుంబాలకు ఉన్న ఏకైక తారీఖ్. జనన సర్టిఫికెట్లు లేని కాలంలో మన దాదా పర్‌దాదాలు ఈ ఊళ్లోనే బతికారని చెప్పే దస్తావేజు ఏదైనా ఉందంటే అది ఊరి ఖబ్రస్తానే. దాని హద్దులు వఖ్ఫ్ కాగితాల్లో ఎంత ఉన్నాయి, నేల మీద ఎంత ఉన్నాయి అని ఎన్ని జమాతులు చూసుకున్నాయి? ఒక వైపు గోడ జరుగుతుంది, ఇంకో వైపు దుకాణం లేస్తుంది. పాత ఖబర్ల మీద పేర్లు చెరిగిపోతాయి. రేపు ఎవరైనా వచ్చి ‘ఇక్కడ మీ వాళ్లు ఎప్పుడున్నారు’ అంటే చూపించడానికి ఏం మిగులుతుంది?

ఖలీజ్‌లో పోయినవాళ్ల సంగతి ఇంకా బరువైంది. మయ్యత్‌ను ఇంటికి తేవడానికి వారాలు పడుతుంది. అందుకే చాలా ఘర్‌వాలాలు అక్కడే దఫన్ చేయడానికి మాకు అభ్యంతరం లేదని కాగితం రాసిస్తారు. షరియత్ ప్రకారం జల్దీగా దఫన్ చేయడం మంచిదే. కానీ అక్కడ చాలా ఖబ్రస్తాన్‌లలో ఖబర్ మీద పేరుండదు, రాయి ఉంటుంది, లేదా నంబర్ ఉంటుంది. ఇక్కడ భార్యకు, పిల్లలకు ఆ నంబర్ కూడా తెలియదు. దఫన్ చేసిన తోటి మజ్దూర్‌కు తెలుసు, అతని కాంట్రాక్టు అయిపోయి వచ్చేస్తే అదీ పోతుంది. నాలుగు వేల ఏళ్ల నాటి యగ్లీ ఎల్‌ను మనం అబ్బా పేరుతో సహా చెప్పగలుగుతున్నాం. పదేళ్ల కింద దమ్మామ్‌లోనో మనామాలోనో పూడ్చిన మన మహల్లా మనిషి ఏ ఖబ్రస్తాన్‌లో, ఏ వరసలో ఉన్నాడో చెప్పలేకపోతున్నాం.

అందుకే ఒక పని చేద్దాం. ప్రతి ఇంట్లో ఒక కాపీ పెట్టుకుని, తెలిసినంత వెనక్కి వెళ్లి, మన మర్హూముల పేర్లు, తండ్రి పేరు, పోయిన తారీఖ్, దఫన్ అయిన ఖబ్రస్తాన్, తెలిస్తే ఖబర్ నంబర్ రాయండి. ఖలీజ్‌లో దఫన్ అయినవాళ్లుంటే అప్పుడు అక్కడున్న దోస్తులకు ఇవాళే ఫోన్ చేసి అడగండి. మస్జిద్ కమిటీలు ఊరి ఖబ్రస్తాన్ నక్షా ఒకటి గీయించి, కొలతలు వేయించి, వఖ్ఫ్ కాగితాల నకళ్లతో పాటు భద్రపరచాలి. ఇంట్లో నానీ, దాదీ ఉంటే ముందుగా వాళ్ల దగ్గర కూర్చోండి. ఏ ఖబర్ ఎవరిదో ఇంకా వాళ్లకే బాగా గుర్తుంటుంది.